వరుసలో నిలబడలేని పిల్లవాడు - అడగటంలో తప్పుందా?

వేసవి సెలవులు వచ్చాయంటే అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళలో ప్రయాణాల సందడి మొదలవుతుంది. పిల్లలు పట్టుబట్టి అడిగే ఊళ్ళు ముఖ్యంగా రెండు. ఒకటి ఫ్లోరిడాలోని ఓర్లాండో, రెండోది కాలిఫోర్నియాలోని అనాహైమ్. 1955లో అనాహైమ్‌లో డిస్నీలాండ్, 1971లో ఓర్లాండో దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్ తెరిచారు. అప్పటి నుంచి ఆ దేశపు పిల్లలకు ఆ పార్కులు తీరని కోరికగా ఉంటూ వచ్చాయి. కొడుకునో కూతురినో చూడటానికి ఇక్కడి నుంచి వెళ్ళిన నానీలు, దాదాలు కూడా మనవళ్ళ చెయ్యి పట్టుకుని ఆ గేట్లు దాటుతున్నారు.

అసలు పరీక్ష గేటు దాటాకే మొదలవుతుంది. రద్దీ రోజుల్లో పేరున్న ఒక్కొక్క ఆట దగ్గర గంట, గంటన్నర వరుసలో నిలబడాలి. పెద్దలకే కాళ్ళు లాగుతాయి. ఇక జనం మధ్య ఊపిరి ఆడనట్లు అనిపించే పిల్లవాడి సంగతి ఏమిటి? గుబులు పుట్టి కడుపు నొప్పి అంటూ మెలికలు తిరిగే పిల్ల సంగతి ఏమిటి? వరుసలో నిలబడలేని వారికోసం ఆ పార్కుల్లో ప్రత్యేకమైన వెసులుబాట్లు ఉన్నాయి. ఆందోళనతో బాధపడే పిల్లల కోసం వాటిని అడగవచ్చునా? అడిగితే ఎంతవరకు అడగాలి? ఈ వారం పాఠకులతో ఈ విషయమే మాట్లాడదలిచాము.

ఒకే ఇంట్లో మూడు మాటలు

మాకు దగ్గరి బంధువుల కుటుంబం ఒకటి టెక్సాస్‌లో ఉంది. వాళ్ళ రెండో అబ్బాయికి తొమ్మిదేళ్ళు. చదువులో చురుకైన వాడు. ఇంట్లో అందరినీ నవ్విస్తాడు. గుంపు కనబడితే మాత్రం వాడి ముఖంలో రంగు మారిపోతుంది. పెళ్ళికి తీసుకువెళితే దావత్ అయ్యేదాకా కారులోనే కూర్చుంటానంటాడు. ఈద్ నమాజుకు వెళ్ళినా చివరి సఫ్‌లో, తలుపు పక్కనే నిలబడతానంటాడు. ఇది ఆందోళన రుగ్మత అని డాక్టరు చెప్పారు. వారానికి ఒకసారి నిపుణురాలి దగ్గరకు తీసుకువెళుతున్నారు.

ఆ మధ్య సెలవుల్లో ఆ కుటుంబం ఒక పెద్ద వినోద పార్కుకు వెళ్ళింది. పార్కు పేరు ఇక్కడ అనవసరం. పిల్లవాడు నెల రోజులుగా కలవరించిన ఆట అది. నలభై నిమిషాలు ఓర్చుకున్నాడు. వరుస ఎండలోంచి చీకటి దారిలోకి మళ్ళింది. ముందూ వెనకా మనుషులు, రెండు పక్కలా గోడలు. పిల్లవాడికి చెమటలు పట్టాయి, ఊపిరి ఎగబీల్చడం మొదలుపెట్టాడు. "మగపిల్లాడివి, ఏమిటీ ఏడుపు?" అని తండ్రి కసిరాడు. తల్లి వాడిని పొదివి పట్టుకుని, అందరికీ సారీ చెప్పుకుంటూ, వచ్చిన దారినే జనాన్ని తోసుకుంటూ వెనక్కి వచ్చింది. బయట చెట్టు నీడన నానీ ఒళ్ళో తల పెట్టుకుని పిల్లవాడు చాలాసేపటికి తేరుకున్నాడు. తేరుకున్నాక అన్న మాట ఇది: "నానీ, నాకు ఎక్కాలనే ఉంది. నిలబడటమే రావడం లేదు."

ఆ రాత్రి హోటలు గదిలో వాదన జరిగింది. వికలాంగులకు ఇచ్చే వెసులుబాటు మన వాడికీ అడుగుదామని తల్లి అన్నది. నా కొడుకు వికలాంగుడు కాడు, ఆ ముద్ర వాడి మీద వేయనివ్వను అని తండ్రి అన్నాడు. వెంట వచ్చిన మామూ మూడో మాట చెప్పాడు. "ఇంత ఆలోచన ఎందుకు బాజీ? ఆటిజం అని చెప్పెయ్యండి. ఎవరు చూడొచ్చారు? అందరూ చేసే పనేగా." మరునాడు తల్లి మాకు ఫోను చేసి అడిగింది: "మీరు పెద్దవాళ్ళు, ఏం చేయమంటారు?"

అప్పటికప్పుడు మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. తరువాత విషయం తెలుసుకుని, ఆలోచించి, ఆ తల్లికి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాము. ఇలాంటి పిల్లలున్న ఇళ్ళు మన పాఠకుల్లో ఇంకా ఉంటాయి.

చట్టం చెప్పేది ఏమిటి?

ముందుగా తండ్రి అభ్యంతరం చూద్దాం. అమెరికాలో 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఆ చట్టం వైకల్యాన్ని కాలూ చెయ్యీ చూసి తేల్చదు. మనిషి రోజువారీ జీవితంలోని ముఖ్యమైన పనుల్లో ఏదైనా ఒకదానికి గట్టిగా అడ్డుపడే శారీరక లోపమైనా, మానసిక ఇబ్బందైనా వైకల్యమే అంటుంది. 2008లో చేసిన సవరణ ఆ అర్థాన్ని ఇంకా విశాలం చేసింది. ఆందోళన పడే ప్రతి పిల్లవాడూ దీని కిందికి వస్తాడని కాదు. తీవ్రత ఎక్కువైతే రావచ్చు.

హోటళ్ళు, దుకాణాలు, సినిమాహాళ్ళతో పాటు వినోద పార్కులకూ ఆ చట్టం వర్తిస్తుంది. వైకల్యం ఉన్నవారు కూడా అందరిలా ఆనందించడానికి వీలుగా తమ పద్ధతుల్లో సమంజసమైన మార్పులు చేయాలి. అందుకు అదనపు రుసుము వసూలు చేయరాదు. అయితే వ్యాపారపు స్వరూపమే మారిపోయేంత మార్పును ఎవరూ కోరలేరు. చట్టం ఇటు హక్కునూ ఇచ్చింది, అటు హద్దునూ గీసింది.

ఈ హద్దు ఎక్కడ అన్నదాని మీద కోర్టుల్లో ఏళ్ళ తరబడి వాదం నడిచింది. ఆటిజం ఉన్న ఒక యువకుడి తరఫున డిస్నీ మీద వేసిన దావాలో, విషయాన్ని పూర్తిగా విచారించాలని 2018లో అప్పీలు కోర్టు కింది కోర్టుకు తిప్పి పంపింది. విచారణ తరువాత 2020లో తీర్పు డిస్నీకి అనుకూలంగా వచ్చింది. కుటుంబం కోరినట్లు వేచి ఉండకుండా ఆటలు ఎక్కనివ్వడం పార్కు నడిచే తీరునే మార్చివేస్తుందని కోర్టు భావించింది. అంటే వెసులుబాటు అడగడం హక్కే. అడిగిందల్లా దొరకడం మాత్రం హక్కు కాదు.

కాబట్టి ఆ తండ్రికి మేము చెప్పేది ఒకటే. వెసులుబాటు అడగటం బిడ్డ నుదుట ముద్ర వేయడం కాదు. కళ్ళజోడు పెట్టుకున్న పిల్లవాడిని మనం గుడ్డివాడు అంటామా? మన ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. పిల్లవాడికి జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు పరుగెడతాం. వాడికి భయం వస్తే మాత్రం నజర్ తగిలిందంటాం, గాలి సోకిందంటాం, పిరికివాడంటాం, గారాబం ఎక్కువైందంటాం. బంధువులకు తెలిస్తే రేపు సంబంధాలు రావని దాచిపెడతాం. అమెరికాలోనే 2022, 2023 సంవత్సరాల సర్వేలో 3 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో నూటికి 11 మందికి ఆందోళన రుగ్మత ఉన్నట్లు తేలింది. 8 నుంచి 18 ఏళ్ళ పిల్లలందరికీ, లక్షణాలు పైకి కనబడకపోయినా, ఈ విషయంలో పరీక్ష చేయాలని అక్కడి నిపుణుల సంఘం 2022లో సిఫారసు చేసింది. మన దేశంలో కూడా 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఆటిజమూ ఉంది, మానసిక రుగ్మతా ఉంది. చట్టాలు ఇంత దూరం వచ్చాక, ఇంటి పెద్దలమైన మనం ఇంకా గడప దగ్గరే నిలబడిపోవడం న్యాయమా?

"అందరూ చేసే పనేగా"

ఇక మామూ చెప్పిన మాట. చూడటానికి చిన్న అబద్ధంలా ఉంటుంది. దాని ఫలితం ఎవరి మీద పడిందో తెలియాలంటే ఈ వెసులుబాటు చరిత్ర కొంచెం చెప్పుకోవాలి.

డిస్నీ పార్కుల్లో వెనకటికి ఒక సహాయక కార్డు ఉండేది. అది చూపిస్తే వేరే దారిన త్వరగా పంపేవారు. డబ్బున్న కొందరు, వైకల్యం ఉన్నవారిని గంటల లెక్కన కూలికి తెచ్చుకుని, వాళ్ళ కార్డు మీద తమ పిల్లలను వరుస దాటించి తీసుకుపోతున్నారని 2013లో పత్రికల్లో వచ్చింది. దేశమంతా చీదరించుకుంది. ఆ ఏడాది అక్టోబరులో పాత కార్డు తీసేసి, డిస్నీ కొత్త పద్ధతి పెట్టింది. దాన్ని క్లుప్తంగా డాస్ అంటారు.

ఈ డాస్ గురించి మనవాళ్ళలో ఒక అపోహ ఉంది. అది ముందుకు తోసుకుపోయే పాసు కాదు. ఆ సమయానికి వరుస ఎంత పొడవు ఉందో చూసి, తిరిగి రావలసిన వేళ చెబుతారు. గంట వరుస ఉంటే దాదాపు గంట తరువాతే రావాలి. తేడా ఏమిటంటే ఆ గంట జనం మధ్య కాకుండా, నీడలోనో హోటలు బల్ల దగ్గరో గడపవచ్చు. నిరీక్షణ తప్పదు, నిలబడే చోటు మాత్రమే మారుతుంది.

పద్ధతి మారినా అబద్ధాలు ఆగలేదు. అడిగేవారు పెరుగుతూ పోయారు. 2019 తరువాతి అయిదేళ్ళలో డాస్ వాడకం మూడింతలైందని డిస్నీ చెప్పింది. ఆ పెరుగుదలలో నిజంగా అవసరమున్న వారూ ఉన్నారు, అవసరం లేనివారూ ఉన్నారు. దాంతో 2024 మే నెలలో ఫ్లోరిడాలోనూ, జూన్‌లో కాలిఫోర్నియాలోనూ నిబంధనలు బిగించారు. ఆటిజం వంటి ఎదుగుదల సంబంధమైన వైకల్యం లేదా అలాంటి రుగ్మత వల్ల మామూలు వరుసలో ఎక్కువసేపు ఉండలేని వారికే డాస్ అన్నారు. వీడియోలో సిబ్బందితో మాట్లాడాలి. ఎవరికోసం అడుగుతున్నారో వారు ఆ సమయంలో అక్కడ ఉండాలి. అవసరమైతే ఆరోగ్య నిపుణులు కూడా మాట్లాడతారు. చెప్పిన మాట అబద్ధమని తేలితే ఇక ఎన్నటికీ పార్కులోకి రానివ్వబోమని, డబ్బు కూడా తిరిగి ఇవ్వబోమని ముందే హెచ్చరిస్తున్నారు.

ఆ మాటల్లో ఆందోళన రుగ్మత పేరు లేదని గమనించాలి. నిన్నటిదాకా తెరిచి ఉన్న తలుపు, నిజంగా బాధపడే అనేకమంది పిల్లలకు ఈ రోజు మూసుకుపోయింది. ఎవరు మూశారు? పార్కువారే అని పైకి కనబడుతుంది. కాని "ఎవరు చూడొచ్చారు" అనుకుంటూ లోపలికి వెళ్ళిన వాళ్ళందరి చెయ్యీ ఆ తలుపు మీద ఉంది.

ఇంకొక మాట. వీడియో ముందు తండ్రి ఒక అబద్ధం చెబుతుంటే పక్కన కూర్చుని వినేది ఎవరు? ఆ పిల్లవాడే. తనకు లేని జబ్బు పేరు తండ్రి నోట వింటాడు. నాన్న నన్ను గురించి అబద్ధం చెబితేగాని నాకు చోటు దొరకదన్న మాట వాడి మనసులో నాటుకుంటుంది. అసలే భయంతో ఉన్న బిడ్డకు ఇది మనం ఇచ్చే కానుకా? సబర్ గురించి, సత్యం గురించి ఇంట్లో ఎన్ని మంచి మాటలు చెప్పినా, ఆ పది నిమిషాల్లో వాడు నేర్చుకునేది వేరుగా ఉంటుంది.

తల్లి మాటలో ఎంత నిజం?

తల్లి అన్న మాటలో న్యాయం ఉంది. అయినా అక్కడ కూడా ఒక జాగ్రత్త అవసరం. ఈ జాగ్రత్త గురించి చాలామంది తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు.

చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడికి మెట్ల పక్కన వాలు దారి కట్టించామనుకోండి. దాన్ని ఎన్నిసార్లు వాడినా వాడి కాళ్ళకు కొత్త నష్టం రాదు. ఆందోళన స్వభావం అలాంటిది కాదు. భయపడిన ప్రతిసారీ భయపెట్టే చోటు నుంచి తప్పిస్తే పిల్లవాడికి ఆ క్షణాన హాయిగా ఉంటుంది. కాని తప్పించుకున్నాను కాబట్టి బతికాను అని మనసు లెక్క వేసుకుంటుంది. మరుసటిసారి భయం ఇంకొంచెం పెరుగుతుంది. ఇవాళ పార్కు వరుస, రేపు బడి ఫలహారశాల, ఎల్లుండి స్కూలు బస్సు. అందుకే పిల్లల ఆందోళనకు చేసే చికిత్సలో, భయపెట్టే దాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టే ఎక్కించడం ముఖ్యమైన భాగం.

యేల్ విశ్వవిద్యాలయంలో పిల్లల మనస్తత్వ కేంద్రానికి చెందిన ఎలి లెబోవిట్జ్ ఈ విషయం మీద పనిచేశారు. బిడ్డ భయపడకూడదని తల్లిదండ్రులు తమ పద్ధతులన్నీ మార్చుకుంటూ పోతే ఆ భయం నిలిచిపోతుందని గమనించి, తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చే పద్ధతిని ఆయన రూపొందించారు. పిల్లలకు నేరుగా ఇచ్చే చికిత్సకు ఇది తీసిపోదని పరీక్షల్లో తేలింది. సారాంశం రెండు మాటల్లో చెప్పవచ్చు. బిడ్డ బాధ నిజమని ఒప్పుకోవాలి, బిడ్డ దాన్ని తట్టుకోగలడన్న నమ్మకమూ చూపాలి. కసిరిన తండ్రి మొదటిది మరిచాడు. అన్నీ తప్పించాలనుకునే తల్లి రెండోది మరిచే ప్రమాదం ఉంది.

అలాగని ఏ సహాయమూ అడగవద్దనీ, పిల్లవాడిని గుంపులోకి తోసి నేర్పించాలనీ మేము అనడం లేదు. ఈత నేర్పడానికి బిడ్డను లోతు బావిలో పడేసే తండ్రి తెలివైనవాడు కాడు. అలాగే ఏటి ఒడ్డుకే రానివ్వని తల్లి బిడ్డకు ఈత రాదు. నడుముకు బెండ్లు కట్టి దింపడం మన పల్లెల్లో తెలిసిన పద్ధతే. ఈత వస్తున్న కొద్దీ బెండ్లు ఒక్కొక్కటే తీసేస్తారు. ఆందోళన పడే పిల్లలకు వెసులుబాటు అలాంటి బెండు కావాలని మా అభిప్రాయం. బిడ్డను ఆటలో పాలుపంచుకునేలా చేసే సహాయం అడగాలి. ఆట నుంచే తప్పించే సహాయం అడగకూడదు.

ఎలా తేల్చుకోవాలి?

ఇంట్లో కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

మొదటి ప్రశ్న: బిడ్డకు కష్టం దేనితో? ఆటతోనా, వరుసతోనా? దీనికి జవాబు బిడ్డ నోటే రావాలి. మా బంధువుల పిల్లవాడు నానీతో చెప్పనే చెప్పాడు. ఆట కావాలి, నిలబడటం రావడం లేదు అన్నాడు. అలాంటి వాడికి నిరీక్షణలో సహాయం కావాలి. అసలు ఆ ఆటే భయమైన పిల్లకు వరుస దాటించే పాసు దేనికి? ఆమెను కింద కూర్చోబెట్టి చల్లటి నీళ్ళు ఇస్తే సరిపోతుంది.

రెండో ప్రశ్న: ఈ ఇబ్బంది పార్కులోనేనా, ఇతర చోట్ల కూడా ఉందా? బడిలో, పెళ్ళిలో, బజారులో కూడా అదే జరుగుతుంటే అది వైద్యులతో మాట్లాడవలసిన విషయం. పార్కులో మాత్రమే అయితే ఎండ, ఆకలి, నిద్రలేమి, పెద్దల హడావుడి కారణం కావచ్చు. ఫ్లోరిడా వేసవి ఉక్కపోతలో మధ్యాహ్నం రెండు గంటలకు ఏ పిల్లవాడైనా ఏడుస్తాడు. దానికి మందు వైకల్య పత్రం కాదు, హోటలుకు తిరిగి వెళ్ళి పడుకోవడం.

మూడో ప్రశ్న: ఎంత సహాయం చాలు? వాడు పది నిమిషాలు నిలబడగలడా, ఇరవై నిమిషాలా? చెవులకు శబ్దం తగ్గించే సాధనం పెడితే ఇంకొంత ఆగగలడా? చాలినంతే అడగాలి. వచ్చే ఏడు అంతకంటె తక్కువ అడగగలిగితే అదే పెద్ద విజయం. బిడ్డకు చికిత్స చేస్తున్న నిపుణులు ఉంటే ప్రయాణానికి ముందు ఈ ప్రశ్న వారిని అడగటం మరీ మంచిది.

జవాబులు వచ్చాక పార్కువారికి ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. జబ్బు పేరు చెప్పి ఊరుకోకుండా ఏం జరుగుతుందో చెప్పాలి. "గుంపు మధ్య పావుగంట దాటితే మా వాడికి ఊపిరి అందదు, బయటికి రావలసి వస్తుంది. బయట ఎంతసేపైనా ఓపికగా కూర్చుంటాడు" అంటే విన్నవారికి అర్థమవుతుంది. నియ్యత్ సరిగా ఉంటే మాట కూడా సూటిగా వస్తుంది.

అన్ని పార్కుల పద్ధతీ ఒకటి కాదు. యూనివర్సల్ ఓర్లాండో, సిక్స్ ఫ్లాగ్స్ వంటి పార్కులకు ఐబీసీసీఈఎస్ అనే సంస్థ దగ్గర ముందుగానే నమోదు చేసుకుని, నిపుణుల పత్రం జతచేసి కార్డు తీసుకోవాలి. నిబంధనలు తరచు మారుతుంటాయి. టికెట్లు కొనే ముందే ఆనాటి నిబంధనలు చూసుకోవాలి. గేటు దగ్గర నిలబడి వాదించడం వల్ల అందరికంటె ఎక్కువగా నలిగిపోయేది ఆ పిల్లవాడే.

కాదు అన్నారనుకోండి. దారులు అంతటితో అయిపోవు. వరుసలో పెద్దవారు నిలబడి ఉండగా, బయటికి వెళ్ళవలసి వచ్చిన వారు తిరిగి వచ్చి కలుసుకునే ఏర్పాటు డిస్నీ పార్కుల్లో ఉంది, సిబ్బందిని అడగాలి. తల్లిదండ్రుల్లో ఒకరు బిడ్డతో కింద ఉండి, మరొకరు దిగాక మళ్ళీ వరుస కట్టకుండా ఎక్కే పద్ధతి కూడా ఉంది. పొద్దున్నే గేటు తెరిచే వేళకు వెళితే వరుసలు చిన్నవిగా ఉంటాయి. రోజుకు పది ఆటలు ఎక్కాలన్న పట్టుదల మాని మూడింటితో తృప్తిపడితే సగం ఆందోళన అక్కడే తీరుతుంది. ఆ పది ఆటల పట్టుదల చాలా ఇళ్ళలో పిల్లలది కాదు, టికెట్టు డబ్బు లెక్కవేసుకునే పెద్దలది.

పార్కులవారితో ఒక మాట

తల్లిదండ్రులకే ఇన్ని మాటలు చెప్పి పార్కులను వదిలేస్తే న్యాయం కాదు.

అబద్ధాలను అరికట్టే హక్కు వారికి ఉంది. వరుస పదిమంది హక్కు. అనర్హుడు ఒకడు ముందుకు వెళితే, వెనక నిలబడిన పసివాళ్ళందరూ అంతసేపు ఎక్కువ ఎండలో ఉంటారు. నిజంగా ఆటిజం ఉన్న బిడ్డకు దొరకవలసిన చోటూ తగ్గిపోతుంది. ఇంతవరకు వారితో మేము ఏకీభవిస్తాము.

అయితే జబ్బు పేరును బట్టి తలుపు తెరవడం, మూయడం సరైన కొలత కాదు. ఒకే పేరున్న ఇద్దరు పిల్లల అవసరాలు ఒకటిగా ఉండవు. వేర్వేరు పేర్లున్న ఇద్దరి అవసరం ఒకటే కావచ్చు. అడగవలసింది జబ్బు పేరా, బిడ్డ చేయలేని పనా? ఈ విషయం మీదనే కొత్త నిబంధనలను సవాలు చేస్తూ 2025లో కాలిఫోర్నియాలో డిస్నీ మీద మరో దావా పడింది. కోర్టులు ఏం చెప్పినా, పేరు కంటె అవసరాన్ని చూడాలన్నది ఇంగితజ్ఞానం.

ఇంకొక అన్యాయం కూడా ఉంది. డిస్నీలో 1999 నుంచి అందరికీ ఉచితంగా ఇచ్చిన ఫాస్ట్‌పాస్ అనే సౌకర్యం ఉండేది. కరోనా కాలంలో అది ఆగింది. 2021లో దాని స్థానంలో డబ్బు కట్టి త్వరగా వెళ్ళే దారి వచ్చింది. 2024 అక్టోబరులో ఫ్లోరిడాలో పెట్టిన అన్నిటికంటె ఖరీదైన పాసు మనిషికి రోజుకు 129 డాలర్ల నుంచి 449 డాలర్ల దాకా పలికింది. నలుగురున్న కుటుంబం లెక్క వేసుకోండి. డబ్బున్నవాడిని ఎవరూ వీడియో ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు అడగరు. భయంతో వణికే తొమ్మిదేళ్ళ పిల్లవాడు మాత్రం తన బలహీనతను అపరిచితుల ముందు రుజువు చేసుకోవాలి. ఉచితంగా ఉన్న మార్గాన్ని తీసేశాక, మిగిలిన ఒక్క ఉచిత మార్గం మీద జనం ఎగబడటంలో ఆశ్చర్యం ఏముంది? దొంగను తిట్టే ముందు గోడ ఎందుకు కూలిందో కూడా చూడాలి కదా!

పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. పొడవైన వరుసలన్నిటిలో మధ్యమధ్య బయటికి వచ్చే ద్వారాలు పెట్టవచ్చు. ఇరుకు దారి ఎక్కడ మొదలవుతుందో ముందే బోర్డు రాయవచ్చు. వెళ్ళి తిరిగి రావడానికి ఎవరినీ బతిమాలకుండా అందరికీ వీలు కల్పించవచ్చు. అలా చేస్తే సగం మంది పిల్లలకు ఏ పాసూ అవసరం ఉండదు. ఎవరూ ఎవరినీ అనుమానించనక్కరలేదు.

చివరిగా

ఆ తల్లికి మేము చెప్పింది ఇదే. అడుగు, సిగ్గుపడకు. ఉన్నదే చెప్పు, ఒక్క మాట పెంచకు. చాలినంతే తీసుకో, వచ్చే ఏడు ఇంకొంచెం తగ్గించు.

తరువాతి సెలవుల్లో వాళ్ళు మళ్ళీ వెళ్ళారు. ఏ కార్డూ దొరకలేదు. తండ్రీ అన్నా వరుసలో నిలబడ్డారు. పిల్లవాడు తల్లితో బయట కూర్చుని, వరుస చివరి మలుపుకు వచ్చాక సిబ్బంది అనుమతితో లోపలికి వెళ్ళి కలిశాడు. మిగిలిన పదిహేను నిమిషాలు తండ్రి వేలు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి తండ్రి కసరలేదు. "కష్టంగా ఉందా బేటా? నేనిక్కడే ఉన్నాను" అన్నాడట.

ఆ రోజు ఎక్కింది ఒకే ఒక్క ఆట. రాత్రి నానీకి ఫోను చేసి పిల్లవాడు ఆట గురించి రెండు ముక్కలే చెప్పాడు. పదిహేను నిమిషాలు నిలబడ్డానన్న సంగతి మాత్రం నాలుగుసార్లు చెప్పాడు.